ప్రారంభ బంతి

ఫిబ్రవరి పన్నెండు, బుధవారం, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు కోటిలంక మునిసిపల్ స్టేడియంలో రాష్ట్ర మంత్రి ఒకరు బౌల్డ్ అయ్యారు.

బంతి వేసింది గెడ్డం ఏడుకొండలు. ఆ స్టేడియంలో కాంట్రాక్టు క్రికెట్ కోచ్. వయసు నలభై ఒకటి. జిల్లాలో ఎక్కడ క్రికెట్ పోటీలు మొదలైనా పెద్దలకు ప్రారంభ బంతి వేసేది ఇతనే. పద్దెనిమిదేళ్ళుగా వేస్తున్నాడు. అతని బంతి వికెట్లకు తగలడం అదే మొదటిసారి.

ప్రారంభ బంతి అంటే మనవాళ్ళకు వివరించి చెప్పనక్కర్లేదు. మనం ఏ పోటీనీ ఆటగాళ్ళ చేత మొదలుపెట్టించం. ఒక పెద్దమనిషి వచ్చి పంచె ఎగ్గట్టి బ్యాట్ పట్టుకోవాలి. ఒకడు బంతి వేయాలి. అది బ్యాట్‌కి తగలాలి. ఫొటో తీయాలి. ఆ ఫొటో మర్నాడు జిల్లా పేజీలో వస్తుంది. పోటీలో ఎవరు గెలిచారో ఆ పేజీలో రావచ్చు, రాకపోవచ్చు.

బంతిని బ్యాట్‌కి తగిలించడం బ్యాట్ పట్టుకున్నవాళ్ళ పని కాదు, ఏడుకొండలు పని. పెద్దలు బ్యాట్ ఊపుతారు. ఊపిన చోటికి బంతి వెళ్ళాలి. అందుకని అతను ముందుగా ఆ పెద్దమనిషి కారు దిగి నడిచి రావడం చూస్తాడు. మోకాళ్ళ నొప్పులు ఏమైనా ఉన్నాయేమో కనుక్కుంటాడు. ఏ చేత్తో సంతకం పెడతారో పీఏని అడుగుతాడు. ఒకసారి కంటి ఆపరేషన్ చేయించుకుని నల్లద్దాలతో వచ్చిన జిల్లా పరిషత్ ఛైర్మన్ చేత ఫోర్ కొట్టించాడు. ఈ సంగతి ఎవరూ అడక్కపోయినా చెబుతాడు.

అయితే ఆ రోజు అతను వచ్చింది ప్రారంభ బంతి కోసం కాదు.

కాంట్రాక్టు కోచ్‌లను పర్మినెంట్ చేయడానికి ప్రభుత్వం ఏడాది క్రితం ఒక నిబంధన పెట్టింది. కోచ్ అంతర్జాతీయ ఆటగాళ్ళున్న మ్యాచ్‌లో కనీసం ఒక్క బంతి అధికారికంగా వేసి ఉండాలి. ఈ నిబంధన ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. పెట్టిన అధికారి బదిలీ అయ్యారు. గడువు మార్చి నెలాఖరు. ఆ తరువాత పర్మినెంట్ కానివాళ్ళ కాంట్రాక్టు పొడిగించరు.

ఆ గడువులో ఒక దీవి దేశపు జట్టు మన దేశంలో పర్యటనకు వచ్చింది. అసలు పోటీలకు ముందు ఒక రోజు ప్రాక్టీస్ మ్యాచ్ కోటిలంకకు ఇచ్చారు. జిల్లా క్రికెట్ సంఘం గౌరవ కార్యదర్శి బుద్ధరాజు పతిరాజు గారు తిరగాల్సిన చోటల్లా తిరిగి ఆ మ్యాచ్ సాధించారు. జిల్లా జట్టులో పదకొండో పేరు ఏడుకొండలుదే ఉంటుందని మాట కూడా ఇచ్చారు.

“ఒక్క బంతేంటయ్యా, ఓవర్ మొత్తం ఎయ్యి. నేనున్నాను కదా” అన్నారు.

ఆ పొద్దున ఏడుకొండలు ఇంట్లో పెసరట్టు తింటూ ఉంటే అతని భార్య నాగరత్నం అడిగింది.

“ఒక్క బంతి చాలంటగా?”

“చాలు.”

“మరి ఇన్నేళ్ళనుంచీ అన్నన్ని ఏసేరు కదా. అందులో ఒక్కటీ లెక్కలోకి రాదాండీ?”

“అయ్యన్నీ ప్రారంభ బంతులే. ఆటలోయి కావు.”

“అంటే మొదలెట్టడమే గానీ మీరు ఆడింది లేదన్నమాట.”

ఏడుకొండలు అట్టు తుంపడం ఆపాడు. నాగరత్నం ఇంకో అట్టు తెచ్చి వేసింది.

“జాగర్తండోయ్” అంది. “అలవాటు చొప్పున ఆ పరాయోళ్ళ బ్యాటుక్కూడా తగిలించేత్తారు.”

మ్యాచ్ తొమ్మిదిన్నరకు మొదలవ్వాలి. మంత్రిగారు తొమ్మిదిన్నరకు ఇంకా వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. ఆ వ్యవధిలో పెవిలియన్‌లో ఒక సమావేశం జరిగింది. ప్రోటోకాల్ బాధ్యతలు చూస్తున్న డిప్యూటీ కలెక్టర్ హైమావతి గారు అధ్యక్షత వహించారు.

“గౌరవ మంత్రివర్యులు అంతర్జాతీయ స్థాయి బౌలింగును ఎదుర్కొన్నట్టు ఛాయాచిత్రంలో ప్రస్ఫుటంగా కనిపించాలి” అన్నారు ఆమె. “స్థానిక బౌలర్ వేస్తే కార్యక్రమ స్థాయి తగ్గే అవకాశం ఉంది.”

“అయితే వాళ్ళ ఫాస్ట్ బౌలర్‌నే వేయమందాం” అన్నారు పతిరాజు గారు.

బందోబస్తు చూస్తున్న డీఎస్పీ ఒప్పుకోలేదు. ఆ బౌలర్ బంతి గంటకు నూట నలభై కిలోమీటర్లు వెళుతుందని, మంత్రిగారి కాన్వాయ్‌కే హైవే మీద అంత వేగానికి అనుమతి లేదని చెప్పారు.

హైమావతి గారు ఆలోచించి నిర్ణయం ప్రకటించారు. “అంతర్జాతీయ బౌలర్ ఉండాలి. అంతర్జాతీయ బంతి ఉండకూడదు.”

 అందరూ గుమ్మం దగ్గర నిలబడ్డ ఏడుకొండలు వైపు చూశారు.

పతిరాజు గారు అతిథి జట్టు గదికి వెళ్ళి కెప్టెన్ ప్రిచర్డ్‌కి విషయం చెప్పారు. మా మనిషి ఒకడు మీ స్వెటర్ వేసుకుని, మీ తరఫున మా పెద్దలకు బంతి వేస్తాడు, మీరు ఫీల్డింగ్‌లో నిలబడితే చాలు అన్నారు. ప్రిచర్డ్ అంపైర్ నరహరి వైపు చూశాడు. హైదరాబాదు నుంచి వచ్చిన నరహరి గారు నిబంధనలు తప్ప మరోటి మాట్లాడరని పేరు. ఇది ప్రాక్టీస్ మ్యాచ్ కాబట్టి ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకుంటే ఎవరు ఎవరి తరఫునైనా ఆడవచ్చని ఆయన చెప్పారు.

“ఇది మీ ఆచారమా?” అని ప్రిచర్డ్ అడిగాడు.

“ఎప్పట్నుంచో ఉన్నది” అన్నారు పతిరాజు గారు.

ప్రిచర్డ్ తన స్వెటరే విప్పి ఇచ్చాడు. అతను ఆరున్నర అడుగులు. స్వెటర్ చేతులు ఏడుకొండలు వేళ్ళు దాటి వచ్చాయి. మడతపెట్టుకున్నాడు.

“రాజుగారూ, మరి నేను మన జట్టు కదండీ” అన్నాడు.

“ఫొటోకి మాత్రమేనయ్యా. మంత్రిగారు ఆడి వెళ్ళగానే విప్పేసి మనోడివైపో.”

మంత్రిగారు వచ్చారు. దారి పొడవునా చల్లిన గులాబీ రేకలు పిచ్ మీద కూడా చల్లారు. జిల్లా జట్టు టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకుంది. మంత్రిగారు కండువా సర్దుకుని వికెట్ల ముందు నిలబడ్డారు. అవతలి కొసన నాన్‌స్ట్రైకర్‌గా ఆయన గన్‌మన్ నిలబడ్డాడు. అతిథి జట్టు ఆటగాళ్ళు మైదానమంతా పరుచుకున్నారు.

“ఏదన్నా అనండి సార్” అన్నారు పతిరాజు గారు అంపైర్‌తో. “మంత్రిగారు వొంగి నిలబడ్డారు.”

“నేను అనేది ఒకటే మాట ఉంది. అంటే ఆట మొదలైనట్టే” అన్నారు నరహరి గారు.

“మొదలెట్టడానికేగా వచ్చాం. అనండి.”

నరహరి గారు “ప్లే” అన్నారు. పెవిలియన్‌లో అతిథి జట్టు స్కోరర్ డోరీన్ అబట్ పెన్సిల్ చెక్కుకుని మొదటి గడి దగ్గర పెట్టింది. ఆమెకు అరవై దాటాయి. తన కళ్ళెదుట పడ్డ ఏ బంతినీ ఆమె రాయకుండా వదల్లేదని వాళ్ళ జట్టువాళ్ళు చెప్పారు.

ఏడుకొండలు ఎప్పటిలాగే వేశాడు. బంతి గులాబీ రేకల మీద పడింది. లేవవలసినంత లేవలేదు. మంత్రిగారు బ్యాట్ ఊపిన చోటికి కాకుండా దాని కిందుగా వెళ్ళి మధ్య వికెట్‌ని తాకింది.

చప్పట్లకు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. అతిథి జట్టు ఆటగాళ్ళకు మాత్రం వికెట్ పడితే ఏం చేయాలో ఒక అలవాటు ఉంది. పదిమందీ పరిగెత్తుకొచ్చి ఏడుకొండలును కౌగలించుకున్నారు. ఒకడు నెత్తి మీద ముద్దు పెట్టాడు.

పతిరాజు గారు పంచె పట్టుకుని మైదానంలోకి పరిగెత్తారు. “నో బాల్! నో బాల్ కదండీ?”

“కాదు” అన్నారు నరహరి గారు.

హైమావతి గారు కూడా వచ్చారు. “ఈ పరిస్థితిని సూచించడానికి నిబంధనల్లో మరో పదం ఏదైనా ఉందా?”

“అవుట్ అని ఉంది.”

మంత్రిగారు ఏడుకొండలును దగ్గరికి పిలిచారు. “ఏమయ్యా, నువ్వు మనోడివా, వాళ్ళ మనిషివా?”

“మీ మనిషినేనండీ” అన్నాడు ఏడుకొండలు. స్వెటర్ లోపల చొక్కా తడిసిపోయింది.

ప్రిచర్డ్‌కి విషయం అర్థమై, అవుట్ అక్కర్లేదు, ఆయన్ని మళ్ళీ ఆడమనండి అన్నాడు. కెప్టెన్ అడిగితే అలా వెనక్కి పిలవవచ్చని నరహరి గారు చెప్పారు. ఫొటోగ్రాఫర్ ఖాజా బౌండరీ దగ్గర్నుంచి అరిచాడు.

“సార్, ఇంకోసారి సార్! వికెట్లు ఎగిరిందే వచ్చింది సార్!”

రేకలు ఊడ్చారు. రెండో బంతి మంత్రిగారి బ్యాట్‌కి తగిలింది. చప్పట్లు మోగాయి. మంత్రిగారు బ్యాట్ ఇచ్చేసి వేదిక మీదకు వెళ్ళారు. డోరీన్ అబట్ కిందకి వచ్చి, ఈ బ్యాట్స్‌మన్ ఎలా వెళ్ళిపోయినట్టు రాసుకోవాలి అని అడిగింది. గౌరవ మంత్రివర్యులు ప్రజాసేవ నిమిత్తం స్వచ్ఛందంగా విశ్రమించారని పతిరాజు గారు చెప్పారు. ఆమె ‘రిటైర్డ్’ అని రాసుకుంది.

ఏడుకొండలు స్వెటర్ విప్పబోయాడు.

“ఆగయ్యా” అన్నారు పతిరాజు గారు. “ఎంపీగారు కూడా వచ్చారు.”

మంత్రి ఆడి ఎంపీ ఆడకపోతే బాగుండదు. ఎంపీ ఆడితే ఎమ్మెల్యే ఊరుకోడు. ఎమ్మెల్యేది అధికార పక్షం కాబట్టి ప్రతిపక్షానికి కూడా అవకాశం ఇవ్వాలి. హైమావతి గారు అప్పటికప్పుడు హోదాల వారీగా బంతులు కేటాయించారు. ఎంపీకి నాలుగు, ఎమ్మెల్యేకి మూడు. ప్రతిపక్షానికి కూడా మూడే, కాని ఫొటో ఒకటే.

ఒక్క బౌలరే వరసగా రెండు ఓవర్లు వేయకూడదన్న సంగతి నరహరి గారు గుర్తుచేశారు. మధ్యలో శాలువా కార్యక్రమం ఉంటుంది కాబట్టి వరసగా వేసినట్టు కాదని పతిరాజు గారు వివరించారు. ప్రిచర్డ్‌కి అభ్యంతరం లేదు. అతను ఆచారం అనుకుంటున్నాడు.

నరహరి గారు ఇంకో సంగతి చెప్పారు. జట్టులో పేరు లేనివాళ్ళు బ్యాట్ చేయకూడదు. కాబట్టి పెద్దమనిషి ఒకరు వచ్చినప్పుడల్లా జిల్లా జట్టులోంచి ఒక ఆటగాడి పేరు తీసి ఆయన పేరు చేర్చడం మొదలైంది. ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ పొద్దుట్నుంచీ ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు. మంత్రిగారి పేరు చేర్చినప్పుడే అతని పేరు పోయింది. ఎంపీకి రెండో ఓపెనర్, ఎమ్మెల్యేకి వికెట్ కీపర్. పేరు పోయినవాడు పోయినట్టు ప్యాడ్లు విప్పి, బిర్యానీ తిని, ఇంటికి వెళ్ళిపోయాడు.

టిక్కెట్లు కొనుక్కున్న జనం గ్యాలరీలో ఉన్నారు.

“ఒరేయ్, ఆట ఎప్పుడ్రా?”

“ఇదే ఆటంట.”

“మరి ఆ పొడుగోళ్ళు ఎందుకు?”

“బంతి తేవడానికి.”

ఒకడు చేతులు నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు. “ఏడుకొండలు బావా! ఏ దేశంవోయ్ నీది?”

ఏడుకొండలు వినపడనట్టు నడిచాడు. నిజానికి మొదటి గంటలో అతను సంతోషంగానే ఉన్నాడు. ఎంపీగారి చేత లెగ్ సైడ్‌కి కొట్టించాడు. మోకాలు వంగని మునిసిపల్ ఛైర్‌పర్సన్ చేత నిలబడే కొట్టించాడు. అతని పని అంతమంది విదేశీయులు అంత దగ్గర్నుంచి చూడటం ఎప్పుడూ జరగలేదు. వాళ్ళ ఫాస్ట్ బౌలర్ దగ్గరికొచ్చి, బ్యాట్ ఎటు వెళితే అటు బంతి ఎలా వెళుతోంది అని సైగలతో అడిగాడు. ఏడుకొండలు నల్లద్దాల ఛైర్మన్ సంగతి సైగలతోనే చెప్పడానికి ప్రయత్నించాడు.

భోజనాల తరువాత మార్కెట్ యార్డ్ అధ్యక్షులు, రైస్ మిల్లర్ల సంఘం, స్టేడియం గేటు కట్టించిన దాత ఆడారు. ప్రెస్ క్లబ్ అధ్యక్షుడు కూడా రెండు బంతులు ఆడారు. మర్నాడు అన్ని పత్రికలూ తప్పకుండా వేసిన వార్త అదొక్కటే.

మూడున్నర దాటాక ఏడుకొండలు పతిరాజు గారి దగ్గరికి వెళ్ళాడు.

“రాజుగారూ, నా పేరుందాండీ?”

“ఉందయ్యా. అందరివీ తీసేశాను గానీ నీది ముట్టుకోలేదు. మాటంటే మాటే.” ఆయన వేలు పెట్టి చూపించారు. మొదటి జట్టులో మిగిలిన పేరు అదొక్కటే. “పేరు ఎక్కించినవాళ్ళలో ఇంకొక్కరే ఆడాలి. ఆయన ఆడి దిగిపోగానే మన ఇన్నింగ్స్ ముగిసిందనేస్తాను. వాళ్ళు బ్యాటింగ్‌కి వస్తారు. నీ ఓవర్ నువ్వెయ్యి.”

ఆ ఒక్కరూ కలెక్టరుగారు.

కలెక్టరుగారు సొంత బ్యాట్ తెచ్చుకున్నారు. ప్యాడ్లు, గ్లోవ్స్ కూడా సొంతవే. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీకి ఆడారు. ఆయనకు ఎన్ని బంతులు అని నరహరి గారు అడిగితే హైమావతి గారు నిలబడి సమాధానం చెప్పారు.

“కలెక్టరుగారికి పరిమితి విధించే అధికారం జిల్లాలో కలెక్టరుగారికే దఖలుపడి ఉంది.”

మొదటి బంతి ఎప్పటిలా బ్యాట్ మీదకు వెళ్ళింది. కలెక్టరుగారు దాన్ని కవర్స్‌లోంచి కొట్టారు. తరువాతి బంతి కూడా. ఖాజా ఫొటో తీసి, చాలు సార్ అన్నాడు. కలెక్టరుగారు వినిపించుకోలేదు.

“పర్లేదు, బాగా వేస్తున్నారు. అక్కడే వేస్తూ ఉండండి” అన్నారు ఏడుకొండలుతో.

ఏడుకొండలు అక్కడే వేస్తూ ఉన్నాడు. కలెక్టరుగారు కొడుతూ ఉన్నారు. అతిథి జట్టు ఆటగాళ్ళు ఆ రోజు మొదటిసారి బంతి కోసం పరిగెత్తారు. వేదిక మీద కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. మంత్రిగారు ఎప్పుడో వెళ్ళారు. ఎంపీ, ఎమ్మెల్యేలు వెళ్ళారు. గ్యాలరీ నీడ పిచ్ దాకా వచ్చింది. నరహరి గారు జేబులోంచి వెలుతురు కొలిచే మీటర్ తీసి చూసుకుని మళ్ళీ లోపల పెట్టుకున్నారు.

నీళ్ళ విరామంలో ఏడుకొండలు బౌండరీ దగ్గరికి పరిగెత్తాడు.

“రాజుగారూ, ఎలుగు పోతందండీ. కలెక్టరుగారితో ఓ మాట సెప్పండి.”

“నేనా? దిగండి సార్ అని?”

“మరి నా బంతండీ?”

పతిరాజు గారు గొంతు తగ్గించారు. “ఏడుకొండలూ, మీ పర్మినెంట్ కమిటీకి అధ్యక్షుడెవరో తెలుసా?”

“తెలుసండి. ఆయనే.”

“తెలుసు కదా. ఇంక నువ్వే ఆలోచించుకో.”

ఏడుకొండలు బంతి చేత్తో పట్టుకుని వెనక్కి నడిచాడు. కలెక్టరుగారు దిగిపోకపోతే అతను జిల్లా తరఫున బంతి వేసేది లేదు. దింపితే కలెక్టరుగారు సంతకం పెడతారో లేదో తెలియదు. స్వెటర్ చేతులు జారిపోతే మళ్ళీ మడిచాడు. బౌలింగ్ మొదలుపెట్టే చోట నిలబడి కాసేపు బంతిని ఎడమ చేతి వేళ్ళ మధ్య తిప్పాడు. పద్దెనిమిదేళ్ళుగా అతను బంతిని అరచేత్తో పట్టుకునే వేస్తున్నాడు. ఇప్పుడు కుట్టు మీద వేళ్ళు పెట్టాడు.

“అక్కడే” అన్నారు కలెక్టరుగారు బ్యాట్ నేలకు తట్టి.

బంతి అక్కడే పడింది. పడ్డాక తిరిగింది. కలెక్టరుగారు ముందుకు వచ్చి ఆడిన బ్యాట్ అంచు పక్కనుంచి వెళ్ళి ఆఫ్ వికెట్ బెయిల్ లేపింది.

అది ఎలా పడాలని ఏడుకొండలు అనుకున్నాడో అలాగే పడింది.

అతిథి జట్టు మళ్ళీ పరిగెత్తుకొచ్చింది. ఈసారి ఏడుకొండలు కూడా చేతులు పైకెత్తాడు. ఎందుకెత్తానో అతనికే తెలియదని తరువాత నాగరత్నంతో చెప్పాడు. కలెక్టరుగారు కాసేపు పిచ్ వైపు చూశారు. తరువాత బ్యాట్ చంకలో పెట్టుకుని, “మంచి బంతి” అని చెప్పి వెళ్ళిపోయారు.

పతిరాజు గారు ఇన్నింగ్స్ ముగిసిందన్నారు. నరహరి గారు మీటర్ తీసి చూసి, ఇంకా ఆడవచ్చన్నారు. అతిథి జట్టు ఓపెనర్లు ప్యాడ్లు కట్టుకుని వచ్చారు. ఏడుకొండలు స్వెటర్ విప్పి, మడతపెట్టి, ప్రిచర్డ్ చేతికిచ్చాడు. లోపల జిల్లా జట్టు చొక్కా ఉంది. కొత్త బంతి తీసుకుని బౌలింగ్ మొదలుపెట్టే చోటికి వెళ్ళి నిలబడ్డాడు.

నరహరి గారు చెయ్యి అడ్డం పెట్టారు.

“మీరు ఏ జట్టు?”

“కోటిలంకండి.”

“పొద్దుట్నుంచి అవతలి జట్టుకు బౌలింగ్ చేసింది మీరే కదా?”

“చేశానండి. అంటే, ఫొటోకండి.”

“ఒక మ్యాచ్‌లో ఒక మనిషి ఒక జట్టుకే ఆడాలి.”

పతిరాజు గారు, హైమావతి గారు ఇద్దరూ వచ్చారు. “అవన్నీ ప్రారంభ బంతులు కదండీ” అన్నారు పతిరాజు గారు.

“నేను ప్లే అన్నాను. అన్న తరువాత ప్రారంభం ఉండదు, ఆటే ఉంటుంది.”

“ఎవరు ఎవరి తరఫునైనా ఆడవచ్చని మీరే సెలవిచ్చారు” అన్నారు హైమావతి గారు.

“ఎవరి తరఫునైనా అన్నాను. ఇద్దరి తరఫునా అనలేదు. వేరే బౌలర్‌ని పిలవండి.”

వేరే బౌలర్ కోసం చూశారు. అప్పటికి జిల్లా జట్టు అంటే మంత్రిగారు, ఎంపీగారు, ఎమ్మెల్యే, ప్రతిపక్షం, మునిసిపల్ ఛైర్‌పర్సన్, మార్కెట్ యార్డ్, మిల్లర్ల సంఘం, దాత, ప్రెస్ క్లబ్, కలెక్టరుగారు. మైదానంలో మిగిలింది ప్రెస్ క్లబ్ అధ్యక్షుడు ఒక్కరే. ఆయనకు మోచెయ్యి నొప్పి.

ఏడుకొండలు బంతి పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. వెలుతురు ఉంది. అవతలి కొసన బ్యాట్స్‌మన్ సిద్ధంగా ఉన్నాడు.

“ఒక్కటేనండి” అన్నాడు నరహరి గారితో. “ఎలా ఏసినా పర్లేదు. వైడ్ అయినా పర్లేదండి.”

నరహరి గారు బంతి తీసుకున్నారు. బౌలింగ్ చేయడానికి జిల్లా జట్టు రానందున అతిథి జట్టు గెలిచినట్టు ప్రకటించారు. డోరీన్ అబట్ పెన్సిల్ జేబులో పెట్టుకుంది.

అతిథి జట్టు బస్సెక్కే ముందు ప్రిచర్డ్ ఏడుకొండలుకు తమ జట్టు టోపీ ఇచ్చాడు. తమ తరఫున ఆడిన ప్రతివాడికీ ఇవ్వడం తమ ఆచారమని చెప్పాడు.

మార్చి ఇరవైన కలెక్టరేట్‌లో కమిటీ కూర్చుంది. ఏడుకొండలు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ టోపీ సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. సాక్ష్యంగా దాన్ని బల్ల మీద పెట్టింది అతనే.

హైమావతి గారు మాట్లాడారు. “అంతర్జాతీయ ఆటగాళ్ళున్న మ్యాచ్‌లో ఈయన అధికారికంగా బౌలింగ్ చేయడం వాస్తవం. నిబంధన ఒక్క బంతి అడిగింది. ఈయన ఇరవై ఓవర్లకు పైగా వేశారు. అర్హత అవసరానికి మించి ఉంది. అయితే ఆ బంతులు పరదేశం తరఫున వేయబడ్డాయి. పరదేశం తరఫున ఆడిన వ్యక్తి నియామకానికి సంబంధించి స్పష్టమైన మార్గదర్శకాలు లేవు.”

కలెక్టరుగారు టోపీ అటూ ఇటూ తిప్పి చూశారు. “ఆ చివరి బంతి ఎక్కడ నేర్చుకున్నారు?”

“మన స్టేడియంలోనేనండి.”

“మరి నాకు అంతసేపు ఎందుకు వేయలేదు?”

“తవరు అక్కడే వేస్తూ ఉండమన్నారండి.”

కలెక్టరుగారు నవ్వారు. ఆయన నవ్వాక మిగతా కమిటీ కూడా నవ్వింది. “నా వికెట్ తీశారని కోపం ఏమీ లేదు. నిజానికి అదొక్కటే ఆ రోజు ఆట” అన్నారు. “ఆ దేశపు క్రికెట్ బోర్డు నుంచి అభ్యంతరం లేదని, ఇకమీదట మిమ్మల్ని తమ తరఫున ఆడించబోమని ఒక పత్రం తెచ్చుకోండి. చూద్దాం.”

ఇంటికి వచ్చాక నాగరత్నం అంతా విని, “ఆ టోపీ ఎందుకు పట్టుకెళ్ళేరు?” అని ఒక్కటే అడిగింది.

 ఏడుకొండలు పత్రం కోసం ఆ దేశపు బోర్డుకు రాయించి పంపాడు. మార్చి నెలాఖరుకు జవాబు రాలేదు. కాంట్రాక్టు ముగిసింది. ఏప్రిల్ నుంచి బావమరిది మోటార్ల షాపులో కూర్చుంటున్నాడు.

జూలై నాలుగున కోటిలంక మునిసిపల్ స్టేడియంలో జిల్లా స్థాయి పాఠశాలల క్రికెట్ పోటీలు మొదలయ్యాయి. ముఖ్య అతిథిగా మంత్రిగారు రావలసింది, రాలేకపోయారు. హోదాల ప్రకారం తరువాత ఎవరా అని హైమావతి గారు చూశారు. జిల్లాలో నివసిస్తూ విదేశీ జాతీయ జట్టుకు ఆడిన క్రీడాకారుడు ఒకరున్నారని తేలింది. షాపుకు కారు పంపించారు.

పతిరాజు గారు శాలువా కప్పారు. “మన గెడ్డం ఏడుకొండలు గారు అంతర్జాతీయ యవనికపై...” అని ఐదు నిమిషాలు మాట్లాడారు. ఏడుకొండలు గారు అని ఆయన అనడం అదే మొదటిసారి. తరువాత బ్యాట్ చేతికిచ్చారు.

కొత్త కాంట్రాక్టు కోచ్ బంతి పట్టుకుని దగ్గరికి వచ్చాడు. చేరి మూడు నెలలైంది.

“సార్, తవరు ఏ చేత్తో సంతకం పెడతారండీ?”

“ఎడం చేత్తో” అన్నాడు ఏడుకొండలు.

మొదటి బంతి తగల్లేదు. ఖాజా ఇంకోసారి అన్నాడు. రెండో బంతి తగిలింది. ఆ ఫొటో మర్నాడు జిల్లా పేజీలో వచ్చింది. ఫొటో కింద ఏడుకొండలు పేరు ఉంది. పేరు పక్కన ఆ దీవి దేశం పేరు ఉంది.